కాలువలో మిగిలిన అయిదు బంతులు

మ్యాచ్ మొదలవడానికి గంట ముందు డ్రెస్సింగ్ రూముల వరండాలో నడుస్తుంటే ఒక వాసన నన్ను ప్రతిసారీ ఆపేస్తుంది. పాత తోలు, అరిగిన రబ్బరు, ఎన్ని ఎండల్లో పెట్టినా వదలని చెమట, మూడూ కలిసిన వాసన అది. వికెట్ కీపర్లు ఆరబెట్టుకోవడానికి పిట్టగోడ మీద బోర్లించిన గ్లవ్స్ వాసన. నేనిప్పుడు మ్యాచ్ రిఫరీని. ఎవరెన్ని పరుగులు చేశారన్నది నాకు పట్టదు, ఎవరెలా మసలుకున్నారన్నదే నా పని. అంపైరు మీద కస్సుమన్నవాళ్లు, ఔటైనవాడికి వేలితో దారి చూపించినవాళ్లు, తగలని బంతికి తగిలిందని గొంతు చించుకున్నవాళ్లు సాయంత్రం నా గదికొచ్చి తల వంచుకుని నిలబడతారు. అంత పెద్దరికం వెలగబెట్టేదాన్ని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, ఆ గ్లవ్ ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఇక అక్కణ్నుంచి నేను రిఫరీని కాను. పాలకొల్లు పక్కన మా ఊరి కాలువలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, మోచేతుల దాకా దుమ్ము కొట్టుకుపోయి వికెట్ల వెనక గొంతుక్కూర్చున్న పదమూడేళ్ల పద్మని.

కాలువలో అంటే నిజంగా కాలువలోనే. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయిపోగానే పైన లాకుల తలుపులు దించేసేవారు. ఏడాదంతా నిండుగా పారిన కాలువ వారం రోజుల్లో చిక్కి, మడుగులు మడుగులుగా మిగిలి, ఆ మడుగుల్లో కొర్రమీనుల కోసం ఊరు ఊరంతా చీరలూ పంచెలూ ఎగ్గట్టి దిగాక, చివరికి నల్లటి బురద ఎండి, పెచ్చులు పెచ్చులుగా పగిలి, నడిస్తే కాళ్ల కింద అప్పడాల్లా పటపటలాడేది. ఆ పెచ్చులు పారతో చెక్కేసి, ఇసక నింపిన తారు డ్రమ్ము దొర్లించి, పేడనీళ్లు చల్లి, మళ్లీ దొర్లించి, మా అన్నయ్య శీను పిచ్ తయారుచేసేవాడు. రెండు పక్కలా గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్ల నీడ, ఆ నీడలో తాటిముంజలు జుర్రుకుంటూ జనం. ఇంతకంటే మంచి స్టేడియం నేను ఆ తర్వాత ఏ నగరంలోనూ చూడలేదు. బంతి గట్టెక్కితే నాలుగు, గట్టు దాటి పడినా నాలుగే. ఆరనేది మాకు లేదు.

కాలువకి ఇవతల మా ఊరు, అవతల వాళ్ల ఊరు. నీళ్లున్నన్నాళ్లూ చెక్కవంతెన మీద ఎదురుపడితే తప్పుకుని దారిచ్చుకునే రెండు ఊళ్లవాళ్లమూ, నీళ్లు పోయాక మాత్రం బద్ధశత్రువులం. శ్రీరామనవమి పందిట్లో పానకం, వడపప్పు పంచిపెట్టిన మర్నాడు మొదలయ్యే పోటీ, కాలువ తిరిగి వదిలేలోగా ముగిసేది. గెలిచిన ఊరికి మూరెడు ఎత్తు ఇత్తడి కప్పు. పరుగులు సమానమైతే కప్పు కిందటేడు గెలిచినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆ ఒక్క నియమం మీద ఏటా కొట్లాట జరిగేది, ఏటా అదే నియమం మిగిలేది.

ఆడపిల్లనైన నేను ఆ జట్టులోకి ఎలా వచ్చానంటే, అన్నయ్య బంతి వేగానికి వెనకాల నిలబడే మగాడు మా వీధిలో లేక. వాడు పెరట్లో వేసే బంతుల్ని అమ్మ పాతచీర పేలికలు చేతులకి చుట్టుకుని ఆపుతూ పెరిగాను. పన్నెండో ఏట పాలకొల్లు సంతనుంచి పాత గ్లవ్స్ తెచ్చి నా మొహాన పడేసి, "రేపణ్నుంచి నువ్వే కీపరువి. ఏడిత్తే ఊరుకోను" అన్నాడు. నేను ఏడవలేదు. పైగా రైసుమిల్లు వాళ్లింట్లో టీవీలో పెద్ద పెద్ద ఆటగాళ్లను చూసి వాళ్ల విద్యలన్నీ పట్టేశాను: బంతి ఎక్కడ తగిలినా రెండు చేతులూ ఎత్తి అరవడం, బ్యాటు పట్టుకున్నవాడి చెవిలో పడేలా వాగడం, వికెట్టు పడగానే గాల్లోకి గెంతడం. "అరిచావంటే సగం ఔటయినట్టేనే" అనేవాడు అన్నయ్య. మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, గట్టు మీద కూర్చుని మామిడికాయ ముక్కలకి జీడి తీసుకుంటూ నా అరుపులు విని, "దీని నోరు నీళ్లులేని కాలవలో పడవ నడిపిత్తాది" అనేది.

నాకు పదమూడేళ్లు వచ్చిన ఏడు ఫైనలు. మేము చేసిన పరుగుల్ని వాళ్లు తరుముకుంటూ వచ్చారు, తొమ్మిది వికెట్లు పోగొట్టుకున్నారు, ఆఖరి ఓవరు వచ్చేసింది, ఇంకా ఎనిమిది పరుగులు కావాలి. బంతి అన్నయ్య చేతిలో. ఎదురుగా సూరిబాబు. పంతొమ్మిదేళ్లవాడు, కొబ్బరికాయల ఒలుపు పని చేసేవాడు, ముంజేతులు గునపాల్లా ఉండేవి, నవ్వితే మాత్రం చిన్నపిల్లాడు. ఒక్కడే నిలబడి నలభై పైచిలుకు కొట్టాడు. అంపైరు పోస్టుమాస్టరు రామ్మూర్తిగారు, ఒక చేతిలో నల్లగొడుగు, రెండో చేతిలో బంతులు లెక్కపెట్టుకోవడానికి ఆరు చింతగింజలు.

మొదటి బంతి. సూరిబాబు బ్యాటు అంచుని గీరుకుని నా ఎడమవైపు కిందికి వచ్చింది. ఒక్క ఉదుటున దూకాను. గ్లవ్ కిందికి వెళ్లేలోపే బంతి నేలని ముద్దుపెట్టుకుని, చటుక్కున లేచి, తనంతట తానే నా గ్లవ్‌లోకి వచ్చి కూర్చుంది. ఆ తాకిడి నా వేళ్లకి తెలిసింది. బంతికి అంటుకున్న మట్టి నా కళ్లకి తెలిసింది. కానీ నా నోటికి తెలియలేదు. అది అప్పటికే అరిచేసింది. నాతోపాటు పదిమందీ అరిచారు, మా గట్టు మొత్తం అరిచింది. రామ్మూర్తిగారికి అన్నయ్య ఒళ్లు అడ్డొచ్చి ఏమీ కనపళ్లేదు. ఆయన గొడుగు ఇటునుంచి అటు మార్చుకుంటూ ఆలోచనలో పడ్డారు. సూరిబాబు ఆయన వంక చూడలేదు. వెనక్కి తిరిగి నన్నడిగాడు.

"పట్టేవా పాపా?"

"పట్టేను" అన్నాను.

"అయితే సరే" అని బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత జరిగిందంతా పండగే. డప్పులు, రంగులు, నన్ను భుజాల మీద ఎక్కించుకుని మూడు వీధులు తిప్పడం, కప్పుకి బంతిపూల దండ, రైసుమిల్లు వాళ్లు పంచిన కొబ్బరి లౌజు. అందరూ నా చేతులు పట్టుకుని చూశారు. "ఆ దూకుడేంటే బాబూ, చేప పిల్లలా!" అన్నారు. నా వంతు లౌజు పక్కనున్న పిల్లకి ఇచ్చేశాను. తిట్టుకుంటూ వెళ్లినా బాగుండేది, రామ్మూర్తిగారితో దెబ్బలాడినా బాగుండేది. "అయితే సరే" అనేశాడే, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మామ్మ పెరట్లో ఆవకాయ కలుపుతోంది. ఆవపిండి ఘాటుకి కళ్లు మండుతున్నాయన్న వంకతో ఆమె పక్కన కూర్చుని ఏడిచాను. మామ్మకి క్రికెట్ తెలియదు; మొత్తం చెప్పాల్సి వచ్చింది. విని, నూనె చేతులు జాడీ అంచుకి తుడుచుకుని, "బంతి నేల తగిలితే లెక్కలేదా?" అంది. లేదన్నాను. "మరి నీకు తెలుసు కదా?" తెలుసన్నాను. "మరి ఆడికి తెలీదు కదా?" తెలీదన్నాను. "అయితే చెప్పేసి రా. నా దగ్గర ఏడిత్తే ఏంటి, నేనేమన్నా ఔటయ్యేనా?" అంది, ఇంకో గిద్దెడు కారం వేసుకుంటూ.

మిట్టమధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా కాలువ దిగి అవతలి గట్టు ఎక్కాను. కొబ్బరితోటలో సూరిబాబు ఒలుపు గునపం ముందు నిలబడి కాయ మీద కాయ ఒలుస్తున్నాడు. పక్కన పీచు డొక్కలు కొండలా పెరిగిపోతున్నాయి. నన్ను చూసి, "ఏంటి పాపా, కప్పు చూపిద్దామని తెచ్చేవా?" అని నవ్వాడు.

"బంతి కింద తగిలిందండీ. నేను పట్టలేదు. అబద్ధం చెప్పేను" అన్నాను, ఒక్క ఊపిరిలో.

అతని చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నవ్వు పోయింది. ఒక నిమిషం పాటు నన్ను కాదు, నా కాళ్లను చూశాడు. నాకు పరుగెత్తి పారిపోవాలనిపించింది. ఆ కాయ గునపం మీద గుచ్చి, రెండు తిప్పుల్లో ఒలిచి, కుప్పలో పడేసి అప్పుడన్నాడు: "నిన్న రాత్రి మా అమ్మ అన్నం పెడతా ఉంటే తినలేదు పాపా. అనవసరంగా ఆ బంతి జోలికెళ్లేననుకుని నన్ను నేనే తిట్టుకున్నాను." తర్వాత కళ్లు చిట్లించి, "అంటే... ఇంకా అయిదు బంతులున్నట్టే కదా?" అన్నాడు. అంటూండగానే ఆ మొహంలోకి నవ్వు తిరిగొచ్చేసింది. "ఉన్నట్టే కదండీ" అన్నాను. నా గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది, భయంతో కాదు.

అన్నయ్యకి చెప్పినప్పుడు మాత్రం భయంతోనే కొట్టుకుంది. వాడు నా మీద చెయ్యెత్తాడు, మామ్మ జాడీ మూత అడ్డుపెట్టింది. "నీ పుర్రెలో ఏవుందే? ఎవడైనా గెలిచిన మ్యాచ్ తిరిగి ఆడతాడా? టీవీలో చూసేవా ఎక్కడన్నా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈలోగా కబురు రెండు గట్లూ ఎక్కేసింది. వాళ్లవాళ్లు కప్పు తెమ్మన్నారు, మావాళ్లు వీలుకాదన్నారు, వంతెన మీద తోపులాట కూడా అయింది. చివరికి అందరూ కలిసి పోస్టాఫీసు మీద పడ్డారు. రామ్మూర్తిగారు స్టాంపుల మీద ముద్ర కొట్టడం ఆపకుండానే విన్నారు.

"నేను వేలెత్తేనా?" అన్నారు.

ఇంకో రెండు ముద్రలు కొట్టి, తనే జవాబిచ్చారు.

"నేను ఎత్తలేదండి. ఆ పిల్ల పట్టేనంది, ఆ అబ్బాయి వెళ్లిపోయాడు, మీరు డప్పులు కొట్టుకున్నారు. నన్నెవరు అడిగేరు? వేలెత్తని ఔటు ఔటెలా అవుద్దండి? ఆట అవ్వలేదు. అయిదు గింజలు ఇంకా నా జేబులోనే ఉన్నాయి" అని చింతగింజలు తీసి బల్ల మీద పెట్టారు.

అన్నయ్య ఆ గింజల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. తర్వాత, "సరేనండి. నా అయిదు బంతుల్లో ఎనిమిది ఎలా కొడతాడో కొట్టమనండి!" అన్నాడు. ఆ మాటన్నాక వాడిలో కోపం పోయి పౌరుషం వచ్చేసింది. సాయంత్రానికే డ్రమ్ము దొర్లించడం మొదలుపెట్టాడు.

చిక్కల్లా ఒకటే. మర్నాడు పొద్దున్నే పై లాకుల దగ్గర నీళ్లు వదిలేస్తున్నారు.

ఆ పొద్దుటిలాంటి పొద్దు నేను మళ్లీ చూడలేదు. తెల్లారకముందే రెండు గట్లూ నిండిపోయాయి. పెళ్లిళ్లకి కూడా కదలని ముసలాళ్లు కుర్చీలు వేయించుకున్నారు. ముంజలవాళ్లు, సోడాబండి, చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు, సగం పూసిన పళ్లపొడితో పరుగెత్తుకొచ్చినవాళ్లు. ఐదంటే ఐదు బంతులు చూడ్డానికి! ఫైనలు రోజు ఎవరెక్కడ నిలబడ్డారో గుర్తు చేసుకుని ఆటగాళ్లమంతా అక్కడే నిలబడ్డాం. కాలువ లాకులు కాసే లస్కరు వెంకన్న గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చి, "వచ్చేత్తన్నాయ్! వంపు దాటేసినియ్! తొందరగా కానియ్యండ్రా బాబూ!" అని ఒకటే కేకలు.

మొదటి బంతిని సూరిబాబు పక్కకి నెట్టి రెండు తీశాడు. ఇంకా ఆరు. తర్వాతిది బ్యాటుకీ వికెట్లకీ మధ్యనుంచి వెంట్రుకవాసిలో దూసుకుపోయి నా గ్లవ్స్‌లో చప్పుడు చేసింది. అరవబోయి ఆగాను, నోరు అలా మూసుకోవడం అదే మొదటిసారి. మూడో బంతి సూరిబాబు ముంజేతులకి చిక్కింది, వాళ్ల గట్టు మీద కొబ్బరాకుల్లోకి వెళ్లిపడింది. నాలుగు! వాళ్ల గట్టు విరిగిపోతుందేమో అనిపించింది. రెండు బంతులు, రెండు పరుగులు. అప్పుడే ఎగువనుంచి ఒక వాసన, ఎండిన బురద మొదటి నీళ్లు తాగే వాసన, దాని వెనకాలే సన్నగా బుసబుసమని చప్పుడు. నాలుగో బంతి అంచు తగిలి సూటిగా నా దగ్గరికే వచ్చింది. దేవుడా, ఇదొక్కటి పట్టనీ అనుకున్నాను. గ్లవ్స్‌లో పడింది, ఎగిరింది, మళ్లీ దొరకబుచ్చుకోబోయేలోగా జారి నేల మీద పడిపోయింది. ఈసారి అందరూ చూశారు. అన్నయ్య నెత్తి బాదుకున్నాడు. సూరిబాబు నా వైపు తిరిగి, "పట్టేవా పాపా?" అన్నాడు, కళ్లతో నవ్వుతూ. చిర్రెత్తుకొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఒక్క బంతి, రెండు పరుగులు. ఒక్క పరుగే వస్తే సమానం, కిందటేడు గెలిచింది మేమే కనక కప్పు మాకే. నీళ్లు కనపడుతున్నాయి: మోకాలి ఎత్తైనా లేవు, నురగలు కక్కుతూ, గడ్డీ గాదమూ డొక్కలూ ముందుకు తోసుకుంటూ వస్తున్నాయి. అన్నయ్య ప్రాణమంతా పెట్టి వేశాడు. సూరిబాబు తిన్నగా వాడి తల మీదుగా, వచ్చే నీళ్లలోకే కొట్టాడు. రెండు గట్లూ ఒకేసారి లేచి నిలబడ్డాయి. బంతి నురగలో పడింది, దాని వెనకాల అన్నయ్య పడ్డాడు. ఒక పరుగు అయింది. సూరిబాబు అటు తాకి నా వైపు తిరిగి దూసుకొస్తున్నాడు. అన్నయ్య నీళ్లలో దేవి, దేవి, పైకి లేచి విసిరాడు! నీటి బొట్లు రాలుస్తూ అది ఎగిరొచ్చి సరిగ్గా నా గ్లవ్స్‌లో పడింది, వికెట్లు పడగొట్టేశాను, సూరిబాబు ఇంకా రెండడుగుల దూరంలో ఉన్నాడు. మా గట్టు బద్దలయిపోయింది. రామ్మూర్తిగారు గొడుగు పారేసి వేలు సగం ఎత్తేశారు.

గ్లవ్స్‌లో ఏదో తేలిగ్గా ఉంది. విప్పి చూశాను. కొబ్బరి పిందె.

గోధుమరంగుది, తడిసి, అచ్చం బంతంత ఉంది. అది నేనొక్కదాన్నే చూశాను. చేతులు మూసేసి, గెంతుతూ పరుగెత్తి, ఆ నీళ్లలోకి గిరాటేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను, వచ్చింది. కానీ అది పూర్తయ్యేలోగా నా చేయి పైకి లేచిపోయింది.

"మాస్టారూ! ఇది బంతి కాదండీ! పిందండీ!"

రామ్మూర్తిగారి వేలు దిగిపోయింది. తర్వాత సూరిబాబు ఆ రెండడుగులూ వేసి బ్యాటు గీత లోపల పెట్టాడు. అప్పుడు లేచింది నవ్వు. ముందు వాళ్ల గట్టు మీద, తర్వాత మా గట్టు మీద, తర్వాత రామ్మూర్తిగారి బోసినోట్లో. అసలు బంతి నురగల్లో తేలుకుంటూ తాపీగా వచ్చి మా కాళ్ల దగ్గర ఆగింది. అన్నయ్య ఒళ్లంతా బురదతో, "ఎవడు చెప్పమన్నాడే నిన్ను!" అని అరుస్తూ నా మీదకి వచ్చాడు, సగం దూరంలో పిందె వంక చూశాడు, ఇక ఆపుకోలేక నీళ్లలోనే కూలబడి నవ్వాడు.

పిచ్ మునిగింది, వికెట్లు తేలిపోయాయి. రెండు ఊళ్లవాళ్లూ ఎవరి గట్టు వాళ్లు ఎక్కేసరికి నీళ్లు నడుము దాకా వచ్చేశాయి. అన్నయ్య ఇంటికి పరుగెత్తి, బంతిపూల దండ వాడిపోయిన ఆ కప్పు తెచ్చి, పక్కనే వంతెన ఉన్నా దాని వైపు చూడకుండా, నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగాడు. మధ్య కాలువలో సూరిబాబు ఎదురొచ్చాడు. కప్పు ఒక నెత్తి మీంచి ఇంకో నెత్తి మీదకి మారింది. డప్పులు మాత్రం రెండు గట్ల మీదా మోగాయి.

ఇప్పుడా కాలువకి చాలాచోట్ల సిమెంటు గోడలు కట్టేశారు. మిగిలినచోట వేసవిలో కూడా గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, దిగాలనిపించదు. గట్ల మీద కొబ్బరిచెట్లు కొన్ని రోడ్డుకి పోయాయి, పొలాలు కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. మామ్మ లేదు, రామ్మూర్తిగారు లేరు. ఇక నేను పనిచేసే మైదానాల్లో పన్నెండు కెమెరాలు బంతినీ గడ్డినీ వేరుచేసి చూపిస్తాయి. బ్యాటరు కీపరు మొహం చూడడు, పెద్ద తెర వైపు చూస్తాడు.

పోయిన సీజనులో ఒక మ్యాచ్ అయ్యాక, కాగితాలు రాసుకుంటుంటే, ఓ పంతొమ్మిదేళ్ల కీపరు అమ్మాయి తలుపు తట్టింది. ప్యాడ్లు కూడా విప్పలేదు. ఆమె పట్టిన క్యాచ్‌తోనే ఆట మలుపు తిరిగింది. ఆసారి తెర మీద కూడా స్పష్టంగా తేలక, ఔటిచ్చారు.

"మేడమ్, అది కింద తగిలింది. నాకు తెలుసు" అంది. "ఇప్పుడేమన్నా చెయ్యొచ్చా?"

ఏమీ చెయ్యలేను. ఫలితం సంతకమైపోయింది, పాయింట్లు పట్టికలోకి ఎక్కిపోయాయి. మిగిలిన బంతుల్ని మళ్లీ ఆడించే వీలు నా చేతుల్లో లేదు, ఎవరి చేతుల్లోనూ లేదు. ఆ మాటే చెప్పాను. ఆ అమ్మాయి తల వంచుకుంది.

"అవతలి జట్టు బస్సు ఇంకా కదల్లేదమ్మా" అన్నాను.

ఒక్క క్షణం నా వంక చూసి, వెనక్కి తిరిగి పరుగందుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లాను. నా గుండె మళ్లీ పదమూడేళ్లదానిలా కొట్టుకుంటోంది. బస్సు గేటు వైపు తిరుగుతోంది. ప్యాడ్లు మోకాళ్లకి తగులుతూ ఆ పిల్ల అడ్డంగా పరుగెత్తి, రెండు అరచేతులతో బస్సు పక్కన బాదింది. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది.